పడవల బొమ్మలు



గుంటూరు సీమ యనగానే పొరుగువారి మనస్సునకు వచ్చునవి రెండు: నల్లరేగడి చేలలో తెల్లగా విచ్చిన ప్రత్తి, కల్లములలో ఎఱ్ఱగా ఎండుచున్న మిరప. ఒంగోలు సీమ యన్నచో ఆ రెండింటికి తోడు కోడెలును పొగాకును తలపునకు వచ్చును గాని, సముద్రము రాదు. అయినను ఆ ప్రత్తిచేల గట్ల ప్రక్కగా తూర్పునకు బండి తోలుకొని పోయినచో నల్లనేల క్రమముగా ఇసుకనేలగా మాఱును. తాటితోపులు, సరుగుడు తోపులు, ఉప్పుమడులు వచ్చును. వాని కావల బంగాళాఖాతపు హోరు వినవచ్చును. కృష్ణ సముద్రమున గలియు చోటు మొదలు దక్షిణమున కొత్తపట్టణము వఱకు గల ఈ తీరమున రెండువేల యేండ్లుగా ఓడలు వచ్చుచు పోవుచు నుండినవి. ఆ ఓడలను గుఱించియు, వాని బొమ్మలను గుఱించియు నేడు కొంత విన్నవింపదలచితిని.

ఓడల చరిత్ర చెప్పుచు బొమ్మల ప్రసక్తి యేల యని మీ రడుగవచ్చును. గుడి రాతితో గట్టబడును గనుక వందల యేండ్లు నిలుచును. శాసనము రాతిపై చెక్కబడును గనుక రాజు పోయినను మాట మిగులును. ఓడ యట్టిది కాదు. అది కఱ్ఱతోను నారతోను కట్టబడినది. ఉప్పునీట నాని, ఎండకు పగిలి, తుదకు పొయ్యి లోనికి పోవును. పాడుపడిన కోటను జూచి దాని నేలిన రాజును ఊహింపవచ్చును. ఓడ పోయిన పిదప ఇసుకలో దాని జాడ యుండదు. కావున నావికుల చరిత్ర వ్రాయదలచిన వానికి ఎవ్వరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు గీచిన బొమ్మయే దిక్కు. ఆ బొమ్మలు మనకు ఎన్ని మిగిలినవి, ఎవరు గీచిరి, మనము గీచిన వెన్ని యన్నదే నేటి ప్రసంగ విషయము.

మొదట ఊళ్ల పేర్లనే సాక్ష్య మడుగుదము. చీరాలకు సమీపమున వాడరేవు కలదు. వాడ యనగా ఓడ. ఓడలు నిలుచు రేవు గనుక వాడరేవు. సముద్రముపై జీవించు వాడబలిజల కులనామమునందును ఈ వాడయే యున్నది. నేడు పట్టణమనగా పెద్ద ఊరు. పూర్వము రేవుగల ఊరికిని ఆ పేరు చెల్లుచుండెను. నిజాంపట్టణము, కొత్తపట్టణము, మచిలీపట్టణము, విశాఖపట్టణము అన్నియు సముద్రపు టొడ్డు ఊళ్లే యగుట గమనింపదగినది. నిజాంపట్టణమునకు దాపున అడవులదీవి యను గ్రామమున్నది. కృష్ణ చివరి పాయల నడుమ దిబ్బలు, లంకలు, దీవులు అను పేళ్లు అడుగడుగునకు దొరకును. నేల మీది పేళ్లే యయ్యు ఇవి నీటివైపు నుండి చూచినవారు పెట్టినవి.

ఇక బొమ్మల సంగతి. మనకు దొరకిన మొదటి ఓడ బొమ్మ ఒక సీసపు నాణెముపై నున్నది. శాతవాహన చక్రవర్తులలో వాసిష్ఠీపుత్ర పులుమావి, క్రీస్తు తరువాత రెండవ శతాబ్దపు చివరివాడగు యజ్ఞశ్రీ శాతకర్ణి, ఈ తూర్పు తీరమున చెల్లుబడి కొఱకు ఓడ ముద్రగల సీసపు నాణెములు వేయించిరి. ఒక వైపున రెండు స్తంభముల ఓడ, దానికి త్రాళ్లు, వెనుక భాగమున త్రిప్పెడు తెడ్లు. రెండవ వైపున నాలుగు వలయములు కూడిన ఉజ్జయినీ చిహ్నము. నాణెము చిన్నది, సీసము మెత్తనిది. అయినను దానిని చెక్కినవాడు ఓడను కన్నులార చూచినవాడే. స్తంభములు రెండు గలవని, త్రాళ్లు ఎటునుండి ఎటు దిగునని వానికి తెలియును. రాజు తన బొమ్మకు బదులు ఓడ బొమ్మను వేయించె ననగా, ఆ కాలమున ఈ తీరమునకు ఓడ యెంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ కాలపు విదేశీయుల వ్రాతలును దీనికి తోడుపడుచున్నవి. మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అను గ్రంథమున మన తీరమునకు మసాలియా యను పేరు కలదు. ఇచ్చట మేలైన సన్నని బట్టలు విస్తారముగ తయారగునని అతడు వ్రాసెను. తూర్పు తీరపు ఓడలలో దుంగలను జతపఱచి కట్టిన పెద్దవానిని సంగర అని యనెను. జంట దోనెలను కలిపి కట్టిన దానిని తెలుగువారు సంగడి యందురు. ఈ రెండు మాటలకు గల చుట్టఱికమును పండితులు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. రెండవ శతాబ్దపు టాలమీ ఈ తీరమును మైసోలియా యని పేర్కొని, ఓడలు ఒడ్డు విడిచి సువర్ణభూమికి నడిసముద్రము పట్టు తావొకటి ఈ ప్రాంతముననే కలదని వ్రాసెను. కృష్ణకు ఆవలి యొడ్డున ఘంటసాల శాసనములలో శివకుడను మహానావికుని పేరు కనబడుచున్నది. పేరు మిగిలినది. ఆయన నడపిన ఓడ రూపు మనకు మిగులలేదు.

పిదప వేయేండ్లు దాటి వచ్చి మోటుపల్లిలో ఆగుదము. ఇది నేడు బాపట్ల జిల్లాలో, చినగంజాము మండలమున ఒక చిన్న పల్లె. అచ్చటి వీరభద్రాలయమున ఒక రాతి స్తంభముపై కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సరమున వేయించిన అభయశాసనము కలదు. హుల్ష్ పండితుడు దీనిని ప్రకటించి లోకమునకు తెలియజేసెను. బడిపిల్లలకు గణపతిదేవుని జయములను చెప్పినప్పుడెల్ల, ఆ జయములకంటె ఈ స్తంభమే ఆయన కీర్తిని ఎక్కువగ నిలుపునని నేను చెప్పుచుండెడివాడను. ఆ శాసనపు సారాంశము ఇది. పూర్వపు రాజులు, తుపానునకు చిక్కి దారి తప్పి తమ యొడ్డున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలాత్కారముగ గైకొనుచుండిరి. ధనము ప్రాణముకంటె ప్రియమైనదని తలంచి ప్రాణములకు తెగించి సముద్రము నెక్కినవారిపై దయ గలిగి, కీర్తిని ధర్మమును గోరి, నియమిత మగు సుంకము తప్ప తక్కినదంతయు తాను విడిచితినని గణపతిదేవుడు ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట ఒక పాలు. చందనము, కర్పూరము, చీని కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడము, మిరియములు, పోకలు మున్నగు సరకులకు వేర్వేఱుగ నిర్ణయించిన రేట్లును అందున్నవి.

ఈ శాసనమున ఓడ బొమ్మ లేదు. కాని దానిని చదివినవానికి ఓడ కన్నులకు గట్టును. ఒడ్డున ఒరగియున్న స్తంభము, తడిసిన మూటలు, చేతులు జోడించి నిలిచిన పరదేశి వర్తకుడు, ఆతనిని చుట్టుముట్టిన రాజభటులు. అట్టివాడు ఇక భయపడ నక్కఱలేదని ఒక రాజు రాతిపై చెక్కించెను. ఆ శతాబ్దము చివర మార్కోపోలో అను వెనీసు యాత్రికుడు ఈ దేశమును ముట్ఫిలి యని పేర్కొని, వివేకవతి యగు ఒక రాణి యేలిన దేశమనియు, ఇచ్చటి సన్నని బట్టలు సాలెగూటివలె నుండుననియు వ్రాసెను. ఆ రాణి మన రుద్రమదేవియే యని చరిత్రకారుల నిశ్చయము. రెడ్డిరాజుల నాట అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయము నిచ్చెను. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యముల నందించిన అవచి తిప్పయ్యసెట్టి ఓడల వర్తకుడు. శ్రీనాథ మహాకవి హరవిలాసమును ఆయనకే అంకిత మిచ్చెను. ద్వీపాంతరములనుండి ఆయన తెప్పించిన సరకుల పేళ్లు కావ్యావతారికలో చేరినవి. ఆ సరకులను మోసిన ఓడ యెట్లుండెనో కవి చెప్పలేదు. ఆయన శ్రోతలకు ఓడ కొత్త గాదు గదా. కంటి యెదుట నున్న దానిని ఎవరు వర్ణింతురు? మన దుఃఖమంతయు అచ్చటనే యున్నది.

మోటుపల్లి మందగించిన పిదప నిజాంపట్టణము పైకి వచ్చెను. యూరపువారు దీనిని పెటపోలి యనిరి. అది పెద్దపల్లి యను మన మాటకు వికారము. 1606లో డచ్చివారిచ్చట కోఠీ పెట్టిరి. 1611 ఆగస్టులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి గ్లోబు అను ఓడ ఈ రేవునకు వచ్చెను. అందలి వర్తకుడు పీటర్ ఫ్లోరిసు దినచర్య నేటికిని నిలిచి, 1934లో అచ్చయినది. ఇంగ్లీషువారు తూర్పు తీరమున వ్యాపారమునకు మొదట కాలూనిన తావులలో మన నిజాంపట్టణ మొకటి. ఈ ప్రాంతపు చిరివేరు ఎఱ్ఱరంగునకును, ప్రత్తిబట్టలు ఆ రంగు పట్టుటకును ప్రసిద్ధములు. పోయిన సరకు అది. వచ్చిన సరకులలో ఒక దానిని మనము మఱచినాము. శ్రీనాథునకు మిరియము తెలియును గాని మిరపకాయ తెలియదు. 1498 తరువాత పోర్చుగీసు ఓడల వెంట అమెరికా ఖండపు మొక్క యగు మిరప మన దేశమునకు వచ్చినది. మిరియమువంటి కారము గల కాయ యని దానికి ఆ పేరే పెట్టుకొంటిమి. నేడు గుంటూరు మిరపయార్డులో కొండలుగ పోసిన కాయ యంతయు ఒకప్పుడు ఓడ యెక్కి వచ్చిన విత్తు సంతతి.

ఆ శతాబ్దముననే మన తీరపు పడవలకు కాగితముపై బొమ్మలు పుట్టినవి. థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు 1669 మొదలు 1679 వఱకు బంగాళాఖాతపు తీరములను దిరిగి తాను చూచినదెల్ల వ్రాసికొని, మసూలా పడవను, తెప్పను తన కలముతోనే గీచెను. ఆ వ్రాతప్రతి 1905లో అచ్చయినది. పిదప పారిస్ అను ఫ్రెంచి నౌకాధికారి కోరమాండల తీరపు మసూలా పడవలను, కోరంగి దోనెలను కొలతలతో సహా చిత్రించి, 1841 మొదలు 1843 వఱకు ఒక మహాగ్రంథముగ ప్రకటించెను. నేడెవ్వరైనను ఆ పడవను మరల కట్టదలచినచో ఆ పటములను చూచి కట్టవచ్చును.

మసూలా పడవను గుఱించి రెండు మాటలు చెప్పవలెను. మన తీరమున సహజమైన రేవులు తక్కువ. పెద్ద ఓడలు దూరమున లంగరు వేయవలెను. నడుమ అలలు వరుసలుగ విఱుగుచుండును. మేకులతో బిగించిన గట్టి పడవ ఆ విఱుగుడు దెబ్బకు ఇసుకపై తాకి పగులును. కావున మనవారు పలకల అంచులకు తూట్లు పొడిచి, సందులలో గడ్డి కూరి, కొబ్బరినార త్రాటితో కుట్టిరి. అల కొట్టినప్పుడు కుట్టు కొంచెము సడలి, పలక కొంచెము వంగి, పడవ మరల తన రూపునకు వచ్చును. భోజరాజు పేర వ్యవహరింపబడు యుక్తికల్పతరువను సంస్కృత గ్రంథమున సముద్రపు నావలకు ఇనుము వాడరాదని కలదు. అయస్కాంత శిలలు ఇనుమును ఆకర్షించి నావను ముంచునట. శాస్త్రకారుడు చెప్పిన కారణము కల్పితమే యైనను, ఆచారము సత్యము. దాని నిజమైన కారణము అలను ఎదిరించి యెఱిగిన పల్లెవానికి తెలియును. ఆతనిని అడిగి వ్రాసికొన్న పండితుడు లేడు. మన చదువునకును మన చేతిపనికిని నడుమ నున్న అగాధ మిది. నేనును ఆ చదువువాడనే గనుక ఈ మాట చెప్పుట నా ధర్మము.

ఛాయాగ్రహణ విద్య 1839లో లోకమున వెలువడెను. చెన్నపట్టణమున 1856లో ఛాయాగ్రహణ సంఘ మేర్పడెను. పిదప నికొలాస్ సోదరులు, వీల్, క్లైన్ మొదలగువారి దుకాణములు వెలసి, చెన్నపురి అలలను, మసూలా పడవలను, తెప్పలను చిత్రించి యమ్మినవి. బొమ్మకార్డుల కాలమున అవి సీమకు పోవు ఉత్తరములపై ఎక్కెను. వానిని చూచినప్పుడు సంతోషమును ఖేదమును ఒక్కసారే కలుగును. పడవ యున్నది. పడవ నడుపువా డున్నాడు. వాని పేరు లేదు, ఊరు లేదు. చూచినవాడు ఓడ దిగిన ప్రయాణికుడు. అతనికి పడవ వింత, పడవవాడు వింతలో భాగము. పైగా వారు చూచినది చెన్నపురి తీరము. మన వాడరేవునకు, మోటుపల్లికి పెట్టె భుజాన వేసికొని వచ్చిన ఛాయాగ్రాహకు లరుదు. చెన్నరాజధాని మత్స్యశాఖలో అధికారిగ నుండిన జేమ్స్ హార్నెలు దొర 1920లో భారతదేశపు పడవలపై ప్రకటించిన గ్రంథము ఇందుకు భిన్నము. ఆయన పడవ కట్టు విధానమును, భాగములను, కొలతలను శ్రద్ధతో వ్రాసెను. మనము చేయవలసిన పనిని పరదేశీయుడు చేసెను. ఆయనకు కృతజ్ఞులమై యుండవలెను.

ఈ పని తమవారే చేసికొనిన దేశమొకటి కలదు. అది ఐర్లండు. దాని పడమటి తీరమున అరాన్, బ్లాస్కెట్ అను పేళ్లుగల చిన్న దీవులున్నవి. అచ్చటి పడవను కరఖ్ అందురు. సన్నని కఱ్ఱబద్దల చట్రముపై పూర్వము పశుచర్మమును, తరువాత తారు పూసిన గుడ్డను తొడిగి దానిని చేయుదురు. మన మసూలా పడవవలెనే తేలికగ నుండి, అలకు వంగి అలను దాటు పడవ యది. బెల్‌ఫాస్టు నగరపు రాబర్టు వెల్చ్ అను ఛాయాగ్రాహకుడు ఆ దీవుల పడవలను, రేవులను, జనులను చిత్రించెను. 1898లో మొదటిసారి అరాన్ దీవులకు వెళ్లిన నాటకకర్త సింగ్, పల్లెవారి ఇండ్లలో నివసించి, వారి భాష నేర్చి, ఒక పాత కెమెరా కొని వారిని చిత్రించెను. ఆయన గ్రంథము 1907లో వెలువడెను. బ్లాస్కెట్ దీవిలో యువకులు వలస పోయి, వృద్ధులు కొందఱు మాత్రమే మిగులగా, 1953లో ప్రభుత్వము వారిని నేలమీదికి చేర్చెను. దీవి నిర్జనమైనది. కాని ఆ జీవనము పూర్తిగ నశింపలేదు. దీవివారు తాము వ్రాసికొన్న పుస్తకములును, చూచినవారు తీసిన చిత్రములును దానిని నిలిపినవి. వారి మనుమలు సముద్రమున కావలి దేశములలో నుండియు, మా తాత ఈ పడవ నెక్కెనని వ్రేలితో చూపగలరు.

మన సంగతి యేమి? ఒక ఉదాహరణము చెప్పెదను. కృష్ణ డెల్టా కాలువలను చెన్నపట్టణముతో కలుపు బకింగుహాము కాలువ మన సీమలో పెదగంజాము వఱకు వచ్చి కొమ్మమూరు కాలువను కలియును. 1806లో చెన్నపురి దగ్గఱ మొదలైన ఈ కాలువకు 1878లో గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు పెట్టబడెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ఘోరక్షామమున కూలి కొఱకు వచ్చిన జనులు దీనిలో కొంత భాగమును త్రవ్విరి. బియ్యము, ఉప్పు, వంటచెఱకు మొదలగు సరకులు దీనిపై పడవలలో పోయెడివి. నా బాల్యమున ఆ పడవలను నేను చూచితిని. గాలి యనుకూలముగ నున్నచో తెఱచాప ఎత్తుదురు. లేనిచో ఇద్దఱు ముగ్గురు మనుష్యులు గట్టున నడచుచు, త్రాడు ఱొమ్మున వేసికొని ముందునకు వంగి లాగుదురు. పడవమీద పొయ్యి, పొయ్యి ప్రక్క బిడ్డ, బిడ్డ ప్రక్క కుక్క. రాత్రివేళ చిన్న లాంతరు నీటిలో కదలుచు పోవును. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను దెబ్బతీసినవి. లారీలు, రైళ్లు సరకును లాగికొనినవి. 2008లో దీనిని జాతీయ జలమార్గములో చేర్చిరి గాని ఆ పడవలు తిరిగి రాలేదు. మా ప్రాంతమున ఇంటింట పెండ్లి ఫోటోలున్నవి. కాలువ పడవ ఫోటో కొఱకు నేను వెదకిన యిండ్లలో నొక్కటియు దొరకలేదు.

దీవుల సంగతి ఇంకను బాధాకరము. కృష్ణ సముద్రమున గలియు చోట దివిసీమ, ఎదురుమొండి, అడవులదీవి మొదలగు తావులందు మడ అడవుల నడుమ జనులు తరతరములుగ నివసించుచున్నారు. పంటు ఎక్కనిదే ఆవలి యొడ్డు చేరరాని గ్రామము లున్నవి. తాటిదోనెపై బడికి పోయిన పిల్లలున్నారు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి దివిసీమను ముంచెను. పదివేలకు మించిన ప్రాణములు పోయినవి. ఆ పిమ్మట పత్రికలలో వచ్చిన చిత్రములను నా యీడువారు మఱువలేరు. కూలిన యిండ్లు, పడిన చెట్లు, వరుసగ నున్న శవములు. లోకమంతయు ఆ దీవులను జూచినది. కాని ఉప్పెనకు పూర్వపు రోజున అచ్చటి స్త్రీ యెట్లు నీళ్లు మోసెనో, వల యెట్లు ఆరబెట్టిరో, ఏ పడవ ఏ గుంజకు కట్టియుండెనో చూపు బొమ్మ యేది? మరణమును చిత్రించిన వారున్నారు. జీవనమును చిత్రించిన వారు మిక్కిలి తక్కువ. చనిపోయిన పిదప మాత్రమే ఒక ఊరిని చూచుట ధర్మమా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

2004 డిసెంబరు 26వ తేదీ సునామీ మన తీరమున వలలను పడవలను నాశము చేసెను. పిదప సాయముగ వచ్చినవానిలో పెక్కు ఫైబరు పడవలు. అవి తేలిక, పుచ్చవు, మోటారు పెట్టవచ్చును. వానిని నిందింప నేను రాలేదు. ప్రాణములకు తెగించి పోవువాడు తనకు మేలైన పడవను ఎన్నుకొనుట న్యాయము. పాత తెప్పపై కూర్చుండుమని గట్టున నున్నవాడు శాసించుట తగదు. అయితే తెప్ప పోవునప్పుడు దానితో పోవు తెలివి యొకటి కలదు. వాడరేవు ఇసుకమీద ఒక వృద్ధుడు వల అల్లుచుండగా దీనిని గుఱించి అడిగితిని. ఆతడు చేతిపని ఆపక, “మా తాత దుంగని చూసి ఇది తెప్పకి పనికొచ్చుద్దో లేదో చెప్పేవోడు, పంతులుగారూ. మా నాయన కట్టేవోడు. నేను ఎక్కినోణ్ణే గానీ కట్టినోణ్ణి కాదు. ఇప్పుడు కట్టేదేముంది, అంతా ఫైబరేగా” అనెను. “ఆ తెప్ప ఫోటో ఏదైనా మీ ఇంట్లో ఉన్నదా, పెద్దయ్యా?” అని నే నడిగితిని. “మా తాతదే లేదు. తెప్పది ఎక్కడిదండీ?” అని ఆతడు నవ్వెను.

ఆ నవ్వును గుఱించి నేను చాలకాల మాలోచించితిని. మూడు తరములలో ఒక విద్య పోయినది. మొదటివాడు దుంగను ఎఱిగినవాడు, రెండవవాడు కట్టినవాడు, మూడవవాడు ఎక్కినవాడు. నాలుగవవానికి ఆ పేరు మాత్రమే తెలియును. అయిదవవానికి పేరును తెలియదు. శాతవాహనుల ఓడ మనకు పోయినది రెండువేల యేండ్లకు; మన తాతల తెప్ప పోవుట మన కన్నుల యెదుట జరుగుచున్నది.

కావున ఈ ప్రసంగము వినుచున్న యువకులకు, ముఖ్యముగ తీరగ్రామముల ఉపాధ్యాయులకు, ఒక చిన్న విన్నపము. పూర్వము ఛాయాచిత్రము తీయవలె నన్నచో దొరల పెట్టె, గాజుపలక, మందులు కావలసి యుండెను. నేడు మిరపకోతకు పోవు కూలివాని జేబులోను కెమెరా యున్నది. ఇక పేదఱికము సాకు గాదు. ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మరపడవల చేపలవేట నిషిద్ధము. అప్పుడు పడవలు రేవున నిలిచియుండును. పడవవారికిని కొంత తీరిక యుండును. వారి యనుమతి గైకొని, పడవను ముందునుండి, వెనుకనుండి, ప్రక్కనుండి, లోపలినుండి చిత్రింపుడు. పరిమాణము తెలియుటకు ప్రక్క నొక మనిషిని నిలుపుడు. తెడ్డు, చుక్కాని, తెఱచాప, లంగరు, వల, వీనిని వేర్వేఱుగ తీయుడు. వల భాగములకు, పడవ భాగములకు పల్లెవారు వాడు మాటలను వారి నోటనే విని, వారన్నట్లే వ్రాసికొనుడు. నిఘంటువులో లేని మాట యని దిద్దవలదు. ఆ మాటలు చేరనంత కాలము నిఘంటువులే అసంపూర్ణములు.

మఱొక మాట. పడవను మాత్రమే తీసి పోవలదు. చేపల బుట్ట తలపై మోయు స్త్రీని, ఉప్పుమడిలో వంగిన కూలిని, పంటు కొఱకు గట్టున వేచియున్న బడిపిల్లలను, రేవులోని టీ అంగడిని, సముద్రపు టొడ్డున వెలసిన గ్రామదేవతను చిత్రింపుడు. వారు సమ్మతించినచో చిత్రము క్రింద పేరు, ఊరు, తేదీ వ్రాయుడు. వెనుకటి దొరల బొమ్మకార్డులలోని లోపము మన చిత్రములలో ఉండరాదు. ఒక ప్రతిని ఆ కుటుంబమునకే ఇయ్యుడు. ఒక ప్రతిని బడిలోనో గ్రంథాలయములోనో దాచుడు. జేబులోని పెట్టెలో నున్న చిత్రము పెట్టె పాడైన నాడు పోవును. కాగితముపై అచ్చు వేయించి, వెనుక సిరాతో వ్రాసినది నిలుచును. ఈ పనికి రాజుగారి యాజ్ఞ యక్కఱలేదు. ఒక బడి, ఒక సెలవు దినము, నలుగురు పిల్లలు చాలును.

గణపతిదేవుడు తుపానునకు చిక్కి మన యొడ్డున పడిన పరదేశి ఓడకు అభయ మిచ్చెను. ఆ ఓడ తనది కాదు. ఆ వర్తకుడు తనవాడు కాడు. అయినను కాపాడెను. మన యొడ్డుననే పుట్టి, మన వారినే పోషించి, నేడు కాలప్రవాహమున కొట్టుకొని పోవుచున్న పడవకు మనము ఆపాటి అభయమైనను ఇయ్యలేమా? రాజు రాతిపై వ్రాయించెను. మనము కాగితముపై నిలుపుదము. వచ్చు తరమువాడు వాడరేవునకు పోయి, తన తాత యేమి చేసెనని అడిగినప్పుడు, ఎవ్వరైనను ఒక చిత్రమును తీసి ఆతని చేతికి ఇచ్చుదురు గాక.